గాలిలో మన వాటా ఏది?

మొగుళ్లపల్లి మండలంలో ఏ పాత ఇంటికి పోయినా అర్ర గోడకు ఒక మేకు కనిపిస్తుంది. ఇప్పుడు దానికి సెల్‌ఫోన్ చార్జరో, రేషన్ సంచో వేలాడుతున్నది. ఒకప్పుడు ఆ మేకు రేడియోది. పొద్దున్నే ఆకాశవాణి రాగంతో ఇల్లు లేచేది. పత్తి ఏరబోతే రేడియో గట్టు మీద ఉండేది, పశువుల వెంట పోతే భుజానికి ఉండేది. సాయంత్రం హోటల్ కాడ పది మంది ఒక్క రేడియో చుట్టూ కూడి వార్తలు వినేవాళ్లు. వార్తలు అయిపోయినంక అసలు ముచ్చట మొదలయ్యేది.

మొన్న ఆ వైపు పోయినప్పుడు ఒక పెద్దమనిషిని మేము అడిగినం: "రేడియో ఏమైంది తాతా?"

"ఉన్నది బిడ్డా. మోగుతలేదు. కొత్త సెల్లులు ఏసిన. ముల్లు ఈ కొస నుంచి ఆ కొస దాక తిప్పిన. జుయ్యిమంటది గని మనిషి మాట వినవస్తలేదు" అన్నడు.

చెడింది సెట్టా, స్టేషనా అన్నది ఆయనకు తెలియదు. చెప్పే దిక్కు కూడా లేదు. రేడియోలు బాగుచేసిన మెకానిక్‌లు ఎప్పుడో సెల్‌ఫోన్ల రిపేరుకు మారిపోయిండ్రు. ఆ ముసలాయన ఇంకా ముల్లు తిప్పుతూనే ఉన్నడు. ఆయన వెతుకుతున్నది పాటల కోసం కాదు. తన ఊరికి, తన పంటకు, తన వానకు సంబంధించిన ఒక్క మాట కోసం. ఆ మాట ఎందుకు వినబడడం లేదో అడగడం మన పని.

నీళ్లు, నిధులు, నియామకాలు అన్నం. ప్రతి దాంట్లో మన వాటా లెక్క గట్టినం. కాని గాలిలో వాటా ఒకటి ఉంటుందని మనం గట్టిగా అడగలేదు. 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు క్రికెట్ ప్రసారాల కేసులో తీర్పు చెప్తూ, ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చింది. జస్టిస్ పి.బి. సావంత్, జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఆ మాట రాసి పెట్టిండ్రు. చెరువు ఊరందరిది అయినట్టే గాలి తరంగం కూడా ఊరందరిది. మరి ఆ ఊరందరిలో మొగుళ్లపల్లి ఉన్నదా, లేదా?

మన రేడియో చరిత్ర చిన్నది కాదు. 1930ల తొలి ఏండ్లలో మహబూబ్ అలీ అనే తపాలా శాఖ ఉద్యోగి హైదరాబాదులో చిన్న ట్రాన్స్‌మిటర్‌తో ప్రసారాలు మొదలుపెట్టిండు. 1935 ఫిబ్రవరి 3 నుంచి అది నిజాం ప్రభుత్వ రేడియో అయింది. దక్కన్ రేడియో అని దానికి పేరు. ఉర్దూదే పెద్దపీట అయినా తెలుగు, మరాఠీ, కన్నడం కూడా వినిపించేవి. 1947 సెప్టెంబరు 2న పరకాలలో జెండా పట్టిన పాపానికి జనాన్ని కాల్చి చంపిన రాజ్యం, ఏడాది దాటినంక 1948 సెప్టెంబరు 17న తన ఓటమిని ఆ రేడియోలోనే ఒప్పుకున్నది. నిజాం స్వయంగా మైకు ముందుకు వచ్చి మాట్లాడవలసి వచ్చింది. 1950 ఏప్రిల్ 1న ఆ స్టేషన్ ఆలిండియా రేడియోలో కలిసింది.

ఆ తర్వాతి లెక్క చూడండి. విజయవాడకు 1948లోనే కేంద్రం వచ్చింది. 1963లో విశాఖపట్నానికి, కడపకు వచ్చినయి. తెలంగాణకు హైదరాబాదు ఉన్నది కదా అన్నరు. హైదరాబాదు రాజధాని. అది అందరిదీ. అందరిదీ అయినప్పుడు అది మనదెట్లా అవుతుంది? తెలంగాణలో రెండో రేడియో కేంద్రం, ఆదిలాబాదులో, 1986లో గాని రాలేదు. అంటే దక్కన్ రేడియో ఆలిండియా రేడియోలో కలిసిన నాటి నుంచి 36 ఏండ్లు. ఆ తర్వాత 1989లో కొత్తగూడెం, 1990లో వరంగల్, నిజామాబాదు ఎఫ్.ఎం. కేంద్రాలు వచ్చినయి. ఆలస్యంగా వచ్చినా వచ్చినయని మనం సంతోషించినం. ఇప్పుడు ఆ ఆలస్యపు ఫలం కూడా చేజారుతున్నది.

ఎఫ్.ఎం.కు, ఏ.ఎం.కు తేడా రైతుకు అర్థమయ్యే మాటలోనే చెప్పవచ్చు. ఎఫ్.ఎం. అంటే బోరు మోటారు నీళ్లలాంటిది. పైపు పోయినంత దూరమే పారుతుంది. టవరుకూ మన సెట్టుకూ నడుమ గుట్ట అడ్డం వస్తే మాట ఆగిపోతుంది. ఏ.ఎం., అంటే మనం మీడియం వేవ్ అని పిలిచేది, వాగు లాంటిది. నేల వెంట పాకి పోతుంది. గుట్టలు దాటుతుంది, అడవి దాటుతుంది. రాత్రి పూట పైన ఆకాశపు పొరకు తగిలి మళ్లీ నేలకు వస్తుంది. అందుకే హైదరాబాదు 738 కిలోహెర్ట్జ్ దాదాపు 200 కిలోమీటర్ల దూరాన ఉన్న మన ఊర్లలో వినబడేది. చీకటి పడితే ముల్లు కొంచెం జరిపినా ఎక్కడెక్కడి భాషలో వచ్చి పడేవి. ఆదిలాబాదుకూ మీడియం వేవ్ ఇచ్చిండ్రు. గోండి, కోలామీ మాటలు సర్కారు యంత్రంలో వినబడింది ఆ కేంద్రం నుంచే. బడి పుస్తకంలో చోటు దొరకని భాషకు గాలిలో చోటు దొరికింది.

ఇంత పనిచేసిన మీడియం వేవ్ ఎందుకు చచ్చిపోతున్నది? ఒకే కారణం చెప్పేవాళ్లను నమ్మవద్దు. కారణాలు మూడు నాలుగున్నయి.

మొదటిది ఖర్చు. మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్ కరెంటు బాగా తాగుతుంది. దాని స్తంభానికి, చుట్టూ నేలలో పరిచే రాగి తీగలకు ఎకరాల కొద్దీ జాగ కావాలె. పాతబడిన యంత్రాలకు విడిభాగాలు దొరకవు. దేశమంతటా పాత మీడియం వేవ్, షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్లను ప్రసారభారతి ఒక్కటొక్కటిగా ఆపుకుంటూ వచ్చింది. పట్నంలో ఎకరం భూమికి ఉన్న ధర చూసినప్పుడు ఆ జాగ మీద ఎవరి కన్ను పడుతుందోనన్న భయం మాకున్నది.

రెండోది మన ఇండ్లలోనే ఉన్నది. నాసిరకం ఎల్.ఇ.డి. బల్బులు, చార్జర్లు, బావుల కాడి మోటారు స్టార్టర్లు మీడియం వేవ్‌లో రొద పుట్టిస్తయి. ముసలాయన చెప్పిన జుయ్యిమనే చప్పుడులో సగం ఇదే. ఊరికి 24 గంటల కరెంటు వచ్చింది. దాంతోపాటు రేడియోకు చెవుడు వచ్చింది. ఆ చప్పుడును అదుపు చేసే నిబంధనలను ఊర్ల దాకా తెచ్చినోళ్లు లేరు.

మూడోది ఫోను. ప్రతి చేతిలో ఫోనున్నది. ఏ ఫోనులోనూ మీడియం వేవ్ లేదు. ఎఫ్.ఎం. కూడా తీసేస్తుంటే, 2023 ఏప్రిల్‌లో కేంద్ర ఐ.టి. శాఖ ఫోన్లలో ఎఫ్.ఎం. ఉంచండని కంపెనీలకు సలహా ఇవ్వవలసి వచ్చింది. సలహానే, ఆజ్ఞ కాదు.

నాలుగోది మనుషులు. 1997లో ప్రసారభారతి ఏర్పడినంక కార్యక్రమాల సిబ్బంది నియామకాలు ఏండ్ల తరబడి సరిగా జరగలేదు. రిటైరయినోళ్ల కుర్చీలు ఖాళీగా మిగిలినయి. చిన్న కేంద్రాలు క్యాజువల్ అనౌన్సర్ల మీద నడుస్తున్నయి. నెలకు ఇన్ని డ్యూటీలు అని లెక్క గట్టి ఇచ్చే డబ్బులతో, రేపు పిలుస్తరో లేదో తెలియని బతుకుతో ఆ పిల్లలు మనకు శుభోదయం చెప్తున్నరు. నియామకాలు అని గొంతు చించుకున్న మనం, వీళ్ల నియామకాల గురించి ఎన్నడైనా ఒక్క ధర్నా చేసినమా? మనిషి లేకపోతే మాట ఎక్కడి నుంచి వస్తుంది? మాట లేనప్పుడు వేరే కేంద్రం ప్రసారాన్ని రిలే చేస్తరు. రిలే పెరిగిన కొద్దీ పేరుకే స్థానిక కేంద్రం, గొంతు మాత్రం వేరే ఊరిది. 2018 డిసెంబరులో ప్రసారభారతి జాతీయ చానల్‌ను, ఐదు ప్రాంతీయ శిక్షణ అకాడమీలను మూసివేయాలని నిర్ణయించింది. ఆ ఐదింటిలో హైదరాబాదు ఒకటి. శిక్షణ ఇచ్చే బడినే మూసినంక కొత్త గొంతు ఎక్కడ తయారవుతుంది?

డిజిటల్ రేడియో తెచ్చినం కదా అంటరు. నిజమే, డి.ఆర్.ఎం. అనే పద్ధతిలో దేశంలో ముప్ఫైకి పైగా కేంద్రాల్లో కోట్లు పోసి ట్రాన్స్‌మిటర్లు పెట్టిండ్రు. హైదరాబాదు కూడా అందులో ఉన్నది. మరి అది పట్టే రేడియో ఎక్కడ దొరుకుతుంది? పరకాల బజారులో దొరుకుతుందా? రైతు కొనే ధరలో సెట్లు లేవన్న సంగతి 2018లో ట్రాయ్ సిఫార్సుల్లోనే తేలింది. కొత్త కార్లలో పెట్టిండ్రట. కారున్నోనికి వాన సమాచారం, నాట్లు వేసేటోనికి జుయ్యిమనే చప్పుడు. కాలువ తవ్వి తూము పెట్టడం మరిచినట్టున్నది ఈ కథ.

ఈ రోగం మన ఒక్కరిదే కాదు. జర్మనీలో మీడియం వేవ్ 2015 చివరికల్లా దాదాపు ఆగిపోయింది. బి.బి.సి. హిందీ షార్ట్‌వేవ్ ప్రసారాలు 2020 జనవరితో నిలిచినయి. అమెరికాలో చిన్న పట్నాల ఏ.ఎం. స్టేషన్లు నడపలేక మూతపడుతున్నయి. కొత్త కార్లలో ఏ.ఎం. తీసేస్తుంటే, తీయవద్దని అక్కడి చట్టసభలో బిల్లు పెట్టిండ్రు. అంత పెద్ద దేశం ఎందుకు పట్టుబట్టింది? తుపాను వచ్చి అన్నీ కూలినప్పుడు చివరిదాకా మాట్లాడేది ఏ.ఎం. ఒక్కటే అని అక్కడి విపత్తు అధికారులే చెప్పినందుకు.

ఆ మాట విలువ తెలుసుకోవడానికి మనం అమెరికా దాకా పోనక్కర లేదు. 2023 జులై 27ను తలుచుకుంటే చాలు.

ఆ 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 64 సెంటీమీటర్లకు పైగా వాన పడ్డది. మన పక్క మండలం చిట్యాలలో 61 సెంటీమీటర్లు దాటింది. తెలంగాణ ఎన్నడూ చూడని వాన. మోరంచ వాగు పొంగి తెల్లవారేసరికి మోరంచపల్లిని ముంచేసింది. జనం డాబాలు ఎక్కిండ్రు, చెట్లు పట్టుకున్నరు. కొందరు కొట్టుకుపోయి ప్రాణాలు విడిచిండ్రు. చిట్యాల మండలం నైన్‌పాకలో జె.సి.బి. మీద చిక్కిన మనుషులను హెలికాప్టర్ వచ్చి తీసుకుపోవలసి వచ్చింది. మొగుళ్లపల్లి చుట్టూ ఉన్న వాగులన్నీ ఆ రాత్రి ఒక్కటే పాట పాడినయి.

మేము ఎవరినో దోషిని చేయడానికి ఇది రాయడం లేదు. ఒక్క ప్రశ్న అడుగుతున్నం. అటువంటి రాత్రి కరెంటు పోతే సెల్ టవర్ బ్యాటరీ ఎంతసేపు ఆగుతుంది? టవరే నీళ్లలో మునిగితే మెసేజ్ ఎక్కడి నుంచి వస్తుంది? టీవీ కరెంటు లేనిది పలకదు. ఫోను టవర్ లేనిది పలకదు. రెండు సెల్లుల రేడియో ఒక్కటే పలుకుతుంది, ఎందుకంటే దాని టవర్ 200 కిలోమీటర్ల అవతల పొడి నేల మీద ఉన్నది. మీడియం వేవ్ పాత వస్తువు అనేటోళ్లు ఈ ముక్కను మరువవద్దు. వాగు పొంగుతున్నది, డాబా ఎక్కండి అన్న నాలుగు మాటలు అర్ధరాత్రి చెవిన పడితే మిగిలే ప్రాణానికి వెల కట్టేదెవరు? ఆ మాట చెప్పడానికి స్టేషన్‌లో రాత్రి మనిషి ఉండాలె. వినడానికి ఇంట్లో సెట్టు ఉండాలె. ఇప్పుడు ఆ రెండూ లేని దిక్కుకు పోతున్నం.

'ఇంకా రేడియో ఎవడు వింటున్నడు?' అని అడిగే చదువుకున్న మిత్రులున్నరు. ఆ ప్రశ్న మాకు కొత్త కాదు. బస్సులో ఎవడు ఎక్కుతున్నడని రూటు ఎత్తేసిండ్రు. బడిలో పిల్లలెక్కడున్నరని బడి ఎత్తేసిండ్రు. ముందు సౌకర్యాన్ని ఎండబెట్టి, జనం రావడం మానేసినంక, జనమే రావడం లేదని మూసేయడం మనం చూసిన పద్ధతే. మాట వినబడకుండా చేసి, వినేటోడు లేడనడం ఏ న్యాయం?

రేడియో గతమంతా బంగారమని కూడా మేము అనడం లేదు. సర్కారు రేడియో ఎప్పుడూ సర్కారు దిక్కే మొగ్గింది. 1969లో మన పిల్లలు తూటాలకు బలైనప్పుడు ఉద్యమం ఊరూరా పాకింది మనుషుల నోటితోనే. వార్తల భాష ఒకటి, మన ఇంటి భాష ఒకటిగా దశాబ్దాలు గడిచినయి. అయినా అదే రేడియోలో కార్మికుల కార్యక్రమం చిన్నక్క, ఏకాంబరం ముచ్చట్లకు పల్లె నవ్వింది. పాడిపంటల కార్యక్రమం విని రైతు మందు కొట్టాల్నా వద్దా అని తేల్చుకున్నడు. చదువు రాని అవ్వకు దేశం సంగతి తెలిసింది. పత్రిక చదువుకున్నోనిది, టీవీ ఇంట్లున్నోనిది, రేడియో కూలోనిది. అందుకే దాని లోపాల మీద కొట్లాడుదాం గని దాన్ని చావనివ్వవద్దు అంటున్నం.

ఇంకొక మాట కటువుగా చెప్పక తప్పదు. తప్పంతా ఢిల్లీది, అంతకు ముందు వలస పాలకులది అని తప్పుకోవడం తేలిక. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. 2016 అక్టోబరులో మన మండలం కొత్త జిల్లాలో కలిసింది. ఆ జిల్లాకు జయశంకర్ సారు పేరు పెట్టుకున్నం. అక్కంపేట బిడ్డ, జీవితమంతా తెలంగాణ మాటను మోసిన మనిషి. ఆయన పేరున్న జిల్లాకు సొంత గొంతు వినిపించే ఒక్క సర్కారు రేడియో కేంద్రం కావాలని మన ప్రజాప్రతినిధులు గట్టిగా కొట్లాడింది మేము చూడలేదు. ఉద్యమం నాడు మన యాస, మన బాస అని ఊగిపోయిన మనమే, రాష్ట్రం వచ్చినంక ఆ యాస ఏ తరంగం మీద పోతుందో అడగలేదు. ఈ పత్రిక కూడా అడగలేదు. ఆ తప్పులో మాకూ వాటా ఉన్నది.

ప్రైవేటు ఎఫ్.ఎం. వస్తే సరిపోతుందా? 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 234 పట్నాల్లో 730 కొత్త చానళ్ల వేలానికి ఒప్పుకున్నది. ఆ జాబితాలో భూపాలపల్లి లేదు. ఉన్నా, ప్రైవేటు ఎఫ్.ఎం.కు సొంత వార్తలు చెప్పే హక్కు లేదు. ఆకాశవాణి వార్తలను ఉన్నది ఉన్నట్టు వేసుకోవచ్చు, అంతే. సినిమా పాటలు, నవ్వులు, ప్రకటనలు వస్తయి. మిర్చికి తెగులు వచ్చిందన్న మాట ప్రకటన ఇచ్చే కంపెనీ చెప్పదు. తన మందు కొనమంటది.

దారి లేదా అంటే ఉన్నది, మన నేల మీదనే ఉన్నది. ఉమ్మడి మెదక్ జిల్లా జహీరాబాదు దగ్గర మాచునూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు నడిపిన స్టేషన్ అది. బడి మెట్లు సరిగా ఎక్కని ఆడబిడ్డలు మైకు పట్టిండ్రు, రికార్డింగు నేర్చిండ్రు. జొన్న, సజ్జ విత్తనాల ముచ్చట, పండుగ పాట, మంత్రసాని మాట తమ యాసలోనే చెప్పిండ్రు. ఎవరూ నవ్వలేదు. దేశం వచ్చి చూసిపోయింది. 2006 విధానం ప్రకారం స్వచ్ఛంద సంస్థలకు, కృషి విజ్ఞాన కేంద్రాలకు ఇట్లాంటి సమాజ రేడియో లైసెన్సు వస్తుంది. 100 వాట్ల దాకా పెట్టుకోవచ్చు. పది కిలోమీటర్ల చుట్టూ ఉన్న ఊర్లకు మాట అందుతుంది. కొర్కిశాల, ఇస్సిపేట, మొట్లపల్లి, రంగాపురం ముచ్చట్లు వాళ్ల చెవులకే తిరిగి వినబడుతయి. ఇది మీడియం వేవ్‌కు బదులు కాదు. వాగు వాగే, బావి బావే. రెండూ కావాలె.

అందుకే మా డిమాండ్లు సూటిగా చెప్తున్నం.

ఒకటి, హైదరాబాదు మీడియం వేవ్‌ను ఆపే ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోవాలె. దాని భూమి రేడియోకే ఉండాలె. వరద, పిడుగు, తుపాను హెచ్చరికలకు రాత్రింబవళ్లు మనిషి ఉండే ఏర్పాటు అందులో చేయాలె.

రెండు, ఆదిలాబాదు, కొత్తగూడెం, వరంగల్, నిజామాబాదు కేంద్రాల సొంత కార్యక్రమాల సమయం పెంచాలె. ఖాళీలు నింపాలె. ఏండ్ల తరబడి పనిచేస్తున్న క్యాజువల్ అనౌన్సర్లకు భద్రత ఇవ్వాలె.

మూడు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాకు ఆకాశవాణి కేంద్రమో, కనీసం వరంగల్ కార్యక్రమాలు గుట్టల అవతలికి అందించే రిలే కేంద్రమో రావాలె.

నాలుగు, ఆకాశవాణి టేపుల్లో ఉన్న మన గొంతుల లెక్క బయటపెట్టాలె. ఒగ్గు కథ చెప్పిన చుక్క సత్తయ్యను కన్న జనగామ గడ్డ మనది. ఆయన 2017లో వెళ్లిపోయిండు. అట్లాంటి ఒగ్గు, శారద, చిందు కళాకారుల గొంతులు ఎన్ని టేపుల్లో ఉన్నయో, ఎన్ని బూజు పట్టినయో తెలంగాణకు తెలియాలె. వాటిని కాపాడి విశ్వవిద్యాలయాలకు, బడులకు అందుబాటులో పెట్టాలె.

ఐదు, రాష్ట్ర ప్రభుత్వం వాగుల పక్క ఊర్లకు, పంచాయతీ ఆఫీసులకు, అంగన్‌వాడీలకు సెల్లులతో నడిచే రేడియోలు ఇవ్వాలె. ఒక హెలికాప్టర్ లేవడానికి అయ్యే ఖర్చుతో ఎన్ని రేడియోలు వస్తయో అధికారులే లెక్క చూసుకోవాలె.

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. ఇందులో కొన్ని ఢిల్లీ చేతిలో, కొన్ని హైదరాబాదు చేతిలో ఉన్నయి. ఒకటి మన చేతిలోనే ఉన్నది. మండలంలో చదువుకున్న పిల్లలు, మహిళా సంఘాలు, రిటైరైన పంతుళ్లు కూర్చొని సమాజ రేడియోకు దరఖాస్తు రాయవచ్చు. వంటావార్పు చేసి రోడ్డు దిగ్బంధించిన చేతులకు ఒక దరఖాస్తు రాయడం బరువా?

గోడకు ఆ మేకు ఇంకా ఉన్నది. ముసలాయన ముల్లు ఇంకా తిప్పుతున్నడు. ఆ ముల్లు ఎక్కడో ఒక చోట మన మాట మీద ఆగాలె. అంతవరకు ఈ పత్రిక ఆ అడుగుడు ఆపదు.

జై తెలంగాణ!